పన్నెండో అచ్చు

ఇనాయతుల్లా తల ఎడమవైపు పగిలింది. ఒక్క దెబ్బకు కాదు. ఐదు దెబ్బలకు.

మొదటి దెబ్బకే మనిషి పడిపోయాడు. మిగతా నాలుగూ పడినవాడి మీద పడ్డాయి. గోడమీద రక్తపు చుక్కలు మోకాలి ఎత్తు దాటలేదు. దాన్నిబట్టి తెలిసింది.

గురువారం మధ్యాహ్నం. అల్ ఖోబర్, అల్ అజీజియాలో ఒక ఫ్రేముల దుకాణం. ఒంటిగంటకు షట్టరు దించారు. నాలుగింటికి ఎత్తాలి. 3:50కి ఇనాయతుల్లా మేనల్లుడు నౌమాన్ వెనక తలుపు గుండా లోపలికొచ్చాడు.

నేలమీద మేనమామ ఉన్నాడు. పక్కనే దుకాణంలో చెక్కుడు పనిచేసే పీరయ్య కూచుని ఉన్నాడు. పీరయ్య చేతిలో కొడతి. ఉలి మీద కొట్టే చెక్క సుత్తి. దాని నిండా రక్తం.

నౌమాన్ కొడతి లాక్కున్నాడు. పీరయ్య కుడిచెయ్యి బల్లమీద అదిమిపెట్టాడు. వేళ్ళమీద కొట్టాడు. బొటనవేలు తప్ప నాలుగూ చితికాయి. చూపుడువేలి ఎముక చర్మం చీల్చుకుని బయటికొచ్చింది.

పక్క దుకాణం వాళ్ళు వచ్చి పట్టుకునేదాకా కొడుతూనే ఉన్నాడు.

4:12కి పోలీసులొచ్చారు. పీరయ్యను ఆసుపత్రికి, అక్కణ్ణుంచి లాకప్‌కి తీసుకెళ్ళారు. వేళ్ళు విరగ్గొట్టినందుకు నౌమాన్ మీద కూడా కేసు రాసి, దుకాణం కఫీల్, అంటే వీసాలిచ్చిన సౌదీ యజమాని, పూచీ మీద వదిలారు.

*

శనివారం ఉదయం 9:30కి మల్లేశం జుబైల్ నుంచి వచ్చాడు.

వయసు యాభై ఎనిమిది. ఒకప్పుడు జగిత్యాలలో సబ్ ఇన్‌స్పెక్టరు. ఇప్పుడు జుబైల్‌లో ఒక కాంట్రాక్టు కంపెనీకి సెక్యూరిటీ ఇన్వెస్టిగేటర్. ఫ్యాక్టరీల షట్‌డౌన్ పనుల్లో మాయమయ్యే రాగి కేబుళ్ళు, క్యాంపుల్లో కత్తిపోట్లు. అదీ అతని పని. అరబ్బీ వచ్చు. పీరయ్యకు తెలుగు తప్ప మరో భాష రాదు. అందుకని కేసు చూస్తున్న కెప్టెన్ ముసాయిద్ కంపెనీని అడిగి అతన్ని పిలిపించాడు.

"నువ్వు తర్జుమా చేస్తే చాలు," అన్నాడు ముసాయిద్. "కేసు దాదాపు అయిపోయింది. ఇక్కడ హత్యకు శిక్షేమిటో నీకు తెలుసు."

తెలుసు. తల పోతుంది.

పీరయ్య కుర్చీలో ఒక పక్కకు ఒరిగి కూచున్నాడు. యాభై రెండేళ్ళు. కుడిచెయ్యి మోచేతి దాకా పిండికట్టు. ఎడమచేతి గోళ్ళలో నీలం రంగు.

"ఏ ఊరు నీది?"

"పెడనండి. బందరు పక్కన."

"ఏం పని?"

"అచ్చులు చెక్కుతానండి. కలంకారీ అద్దకానికి. మా తాత కాణ్ణించీ అదే పని."

"ఇక్కడ ఏం జేస్తున్నవ్?"

"ఫ్రేములు చేసే వీసా అన్నారండి. వచ్చాక జపాను బొమ్మలు చెక్కమన్నారు. కొండలూ, వానలూ, పడవలూ. ఒక పుస్తకంలోంచి కొండ, ఇంకో పుస్తకంలోంచి పడవ. కలిపి గీసిచ్చేవాడు ఇనాయతుల్లా గారు. నేను చెక్కి కాగితం మీద అద్దేవాణ్ణి. నీలం ఒకటే రంగు."

"ఎన్ని చెక్కినవ్?"

"పన్నెండండి. మూడేళ్ళు పట్టింది."

"వాటిని పాత బొమ్మలని చెప్పి అమ్మిన్రా? తెలుసా?"

"టీ నీళ్ళల్లో ముంచటం చూశానండి. అడగలేదు."

"ఎందుకు అడగలే?"

పీరయ్య తల దించుకున్నాడు. "అడిగితే చెప్పేవాడు కాదు గదండీ."

"లొల్లి ఎందుకైంది మీ ఇద్దరికి?"

"పన్నెండూ అయిపోయాయి, ఇంటికి పోతాను, ఎగ్జిట్ వీసా కొట్టించమన్నాను. ఇంకో పన్నెండు చెక్కు అన్నాడు. చెక్కనన్నాను. పాస్‌పోర్టు దాచేశాడండి."

"చంపుతనన్నవట. నలుగురు విన్నరు."

"అన్నానండి."

"చంపినవా?"

"లేదండి."

"గురువారం దుకాణం మూసినంక ఎటు పోయినవ్?"

"రూముకండి. ఒంటిగంటా పదికి. అన్నం వండుకున్నాను. మూడూ ముప్పైయైదుకి తిరిగొచ్చాను. ఉలులు నూరుకుందామని."

"రూముల ఎవరన్న ఉన్నరా?"

"ఒక్కణ్ణేనండి."

"మనిషి చచ్చి పడున్నడు. నువ్వు కొడతి పట్టుకొని కూచున్నవ్. ఎందుకు పట్టుకున్నవ్ దాన్ని?"

"నాదే గదండీ. రక్తంలో పడి ఉంది. మా ఇళ్ళల్లో పనిముట్టు నేలమీద ఉండనివ్వమండి. కాలు తగిలితే పాపం. చెయ్యి దానంతటదే పోయింది."

ముసాయిద్ ఆ మాట తర్జుమా విని పెదవి విరిచాడు. మల్లేశం విరవలేదు. నాగలి మేడికి కాలు తగిలినందుకు అతని వీపు మీద పడిన దెబ్బలు అతనికి ఇంకా గుర్తున్నాయి.

"ఆ కొడతి ఏ కట్టె?"

"చింతండి. చేవ చింత. పెడన నుంచి తెచ్చుకున్నాను."

"అచ్చులు?"

"టేకు. పాత పడవల పలకలు దొరుకుతాయండి ఇక్కడ."

*

పోస్టుమార్టం రిపోర్టు ఆరు పేజీలు. నాలుగో పేజీలో ఒక వాక్యం.

పుర్రె ఎముకలో ఇరుక్కున్న చెక్క ముక్క. పొడవు 11 మిల్లీమీటర్లు. ఒక పక్క నీలం మరక.

"ఇదేంది?" అన్నాడు మల్లేశం.

"కొడతి పెచ్చు. నీలం అతని చేతిది."

"కొడతికి పెచ్చు లేచిందా?"

ముసాయిద్ ఫొటోలు తిరగేశాడు. కొడతి నున్నగా ఉంది. ఎక్కడా పెచ్చు లేదు.

మల్లేశం ఆ ముక్కను తెప్పించి భూతద్దం కింద పెట్టాడు. అతని తండ్రి వడ్ల పని, వడ్రంగం, చేసేవాడు. బండి చక్రాలు, నాగళ్ళు. మల్లేశం అక్షరాలకంటే ముందు కట్టెలు నేర్చాడు. ఐదో తరగతి దాకా సగం రోజులు బడిలో, సగం రోజులు తండ్రి చెక్క చిత్రిక పట్టే దూగోడ పక్కన.

"చింత చేవ నల్లగుంటది. ఇది బంగారు రంగు. గీతలు సక్కగున్నయి. ఇది టేకు."

"అయితే?"

"నీలం మరక కాదు సార్. చూడున్రి. ఈ పక్క రెండు గీతలు లేచి ఉన్నయి. ఉలితో చెక్కినయి. గీతల మీదనే రంగుంది. పల్లంల లేదు."

ముసాయిద్ అద్దంలోకి వంగాడు. చాలాసేపు లేవలేదు.

"వాణ్ని కొట్టింది కొడతితోని కాదు," అన్నాడు మల్లేశం. "అచ్చుతోని."

*

దుకాణం వెనకగదిలో రక్తం ఎండి నల్లబడింది. ఈగలు వదల్లేదు. గోడకు బీరువా అర. అరలో అచ్చులు వరసగా నిలబెట్టి ఉన్నాయి.

మల్లేశం ఒకటి తీశాడు. అడుగున్నర పొడవు. మూడంగుళాల మందం. వెనక పిడి. పిడితో సహా ఒకే దుంగలోంచి చెక్కింది. నాలుగు కిలోలు ఉంటుంది. పిడి పట్టుకుంటే చేతికి గదలా కుదిరింది.

లెక్కపెట్టాడు. పదకొండు.

నౌమాన్ గుమ్మంలో నిలబడ్డాడు. ముప్పై ఏళ్ళు. కడప మనిషి.

"నా కండ్లారా చూసినా సార్. ఆ ముసిలోడే చంపినాడు."

"చంపుతుంటే చూసినవా?"

"చంపినంక చూసినా."

"మరి చూసిన అంటవేంది?"

నౌమాన్ చూపు నేలమీది మరక మీదికి పోయింది.

"వేళ్ళెందుకు ఇరగ్గొట్టినవ్?"

"ఆ చేతుల్తోనే గదా సార్ మా మామను చంపినాడు."

"ఆ చేతుల్తోనే మూడేండ్లు నువ్వు, మీ మామ అన్నం తిన్నరు. ఈ అచ్చులు ఎన్ని ఉండాలె?"

"నాకేం తెల్దు."

"ఇను. మీ మామను చంపినోడు ఎక్కడనో కూచొని చాయ్ తాగుతున్నడు. నకళ్ళ సంగతి బయటపడితే నీకు శిక్ష పడతదని నువ్వు నోరు మూసుకున్నవ్. నువ్వు మూసుకున్నంత సేపు వాడు తాగుతనే ఉంటడు. చెప్పు. ఎన్ని?"

నౌమాన్ అర వైపు చూశాడు. పెదవులు కదిలాయి. తనూ లెక్కపెడుతున్నాడు.

"పన్నెండుండాల సార్. పడవది లేదు. వానలో పడవ."

"ఆ అచ్చుల కాగితాలు ఎవరు కొన్నరు?"

"శ్రీహర్ష సారు. జుబైల్లో ఇంజినీరు. పన్నెండూ ఆయనకే. జెద్దాలో ఓడ కెప్టెన్ ఇంట్లో పాత ఆల్బం దొరికిందని, ఒక్కొక్కటే తెప్పిస్తానని చెప్పినాడు మామ. ఎనక కనపడకుండా పాత రిజిస్టరు కాగితాల మీద అంటించింది నేనే. మిద్దె మీద ఎండబెట్టింది నేనే."

"పన్నెండూ ఆయన దగ్గరనే ఉన్నయా?"

"పడవది ఫ్రేముకు ఇచ్చినాడు సార్. గురువారం పొద్దున గూడ ఈ బల్లమీదే ఉండె. నేనే కొలతలు తీసినా."

మల్లేశం బల్ల వైపు చూశాడు. నేలమీద కూచుని చెక్కే జానెడు ఎత్తు బల్ల. బల్లమీద రక్తం చిమ్మింది. మధ్యలో ఒక చోట మాత్రం చిమ్మలేదు. కాగితం అంత పొడవు, కాగితం అంత వెడల్పు. శుభ్రంగా ఉంది.

"ఇక్కడున్న కాగితమేది?"

"పోలీసోళ్ళు తీసుకపోయినారనుకున్యా."

మల్లేశం తన వెనకనున్న ముసాయిద్‌ను అరబ్బీలో అడిగాడు. ముసాయిద్ తల అడ్డంగా ఊపాడు.

*

శ్రీహర్ష ఇల్లు జుబైల్‌లో ఒక కాంపౌండులో ఉంది. 4:00. అతను తెనాలివాడు. నలభై ఆరేళ్ళు. ప్రాసెస్ ఇంజినీరు. పెళ్ళి చేసుకోలేదు. గోడలనిండా జపాను బొమ్మలు.

"రండి మల్లేశం గారూ. ఫిల్టర్ కాఫీ తాగుతారా? ఇనాయత్ సంగతి విన్నాను. వెరీ అన్‌ఫార్చునేట్."

"ఆయన దగ్గర మీరు బొమ్మలు కొన్నరు."

"ట్వెల్వ్ ప్రింట్స్. అవి కొనుక్కున్నవి కాదండీ, దొరికినవి. రేపు సాయంత్రం ఏడింటికి ఖోబర్‌లో ఎగ్జిబిషన్ ఓపెనింగ్. టోక్యో నుంచి ఇద్దరు స్కాలర్స్ వస్తున్నారు. ఇదిగో కేటలాగ్."

చేతిలో పెట్టాడు. మందపాటి పుస్తకం. అట్టమీద పన్నెండు బొమ్మలూ చిన్నవిగా. కింద అతని పేరు పెద్దదిగా.

"ఎవరు గీసినయి ఇవి?"

"హిరోషిగే. రెండు వందల ఏళ్ళ కిందటి మాస్టర్. ఎక్కడా రికార్డు కాని సిరీస్. అట్రిబ్యూషన్ నాదే. మూడేళ్ళ వర్క్."

"ఆయనవే అని ఎట్ల తెలిసింది?"

శ్రీహర్ష ముఖం వెలిగింది. పుస్తకం తీసుకుని పేజీ తిప్పాడు.

"ఆకాశం చూడండి. ప్రతి బొమ్మలోనూ నాలుగు చోట్ల నీలం కొంచెం చిక్కబడింది. చూశారా? నాలుగు నీడలు. నేను దీనికే ఒక చాప్టర్ రాశాను. వాన మేఘం బరువు చూపించడానికి మాస్టర్ వాడిన టెక్నిక్. ఇంకే సిరీస్‌లోనూ లేదు. ఇట్స్ హిజ్ సిగ్నేచర్."

"ఈ అచ్చు ఎట్ల వేస్తరు?"

"చెక్క మీద రంగు పూసి, పైన కాగితం పరిచి, వెనకనుంచి దీంతో రుద్దుతారు." అద్దాల అరలోంచి ఒక గుండ్రటి బిళ్ళ తీశాడు. వెదురాకు చుట్టి ఉంది. "బారెన్ అంటారు."

మల్లేశం బిళ్ళ తిప్పి చూశాడు. వెదురాకు అంచు తడిసి ఆరినట్టు ముడతపడింది. తిరిగి ఇచ్చేశాడు.

"పడవ బొమ్మ ఫ్రేముకు ఇచ్చిన్రట."

"ఇచ్చాను. బుధవారమే తెచ్చేసుకున్నా. ఫ్రేం నచ్చలేదు."

"గురువారం ఒంటిగంట నుంచి నాలుగు దాక ఎక్కడున్నరు?"

"ఇంట్లోనే. వర్క్ ఫ్రం హోమ్. ఎందుకండీ? అతనెవరో కార్పెంటర్ దొరికాడుగా."

"అడగాలె గద సార్. కేటలాగుల ఫొటో ఎప్పుడు తీసిన్రు?"

"నెల క్రితం. నేనే తీశాను."

"పడవ బొమ్మ అసొంటిది ఇంకోటి ఉందా ఎక్కడన్న?"

"ఇంపాజిబుల్. ప్రపంచంలో ఒకటే కాపీ. పుస్తకంలో ఉన్నదే గోడమీద ఉంటుంది."

"అదే ఇది?"

"అదే ఇది."

మల్లేశం కాఫీ తాగకుండా లేచాడు. కేటలాగు చంకలో పెట్టుకున్నాడు.

*

ఆదివారం సాయంత్రం 4:30. ఖోబర్‌లో అద్దె హాలు. అతిథులు రావడానికి ఇంకా రెండున్నర గంటలుంది. తెల్లగోడ మీద పన్నెండు ఫ్రేములు. పన్నెండోది వానలో పడవ.

లోపల ఐదుగురు. శ్రీహర్ష సూటులో ఉన్నాడు. నౌమాన్ గోడకు ఆనుకున్నాడు. ముసాయిద్ తలుపు దగ్గర. మల్లేశం పక్కన పీరయ్య. పిండికట్టు మెడకు వేలాడుతోంది.

పీరయ్యను చూడగానే నౌమాన్ ముఖం తిప్పుకున్నాడు.

"వీణ్ని ఎందుకు తెచ్చారు ఇక్కడికి?" అన్నాడు శ్రీహర్ష.

"బొమ్మలు చూపిద్దామని," అన్నాడు మల్లేశం. "పీరయ్యా, ఒక్కొక్కటే చూడు. ఏం కనపడుతుందో చెప్పు."

పీరయ్య మొదటి ఫ్రేము ముందు నిలబడ్డాడు. రెండో దాని ముందు. మూడు. నాలుగు. మెల్లగా నడిచాడు.

"నావేనండి."

"వాట్ నాన్సెన్స్!"

"ఆకాశంల ఆ నాలుగు నీడలు ఏంది పీరయ్యా?"

పీరయ్య సిగ్గుపడ్డాడు. పనిలో లోపం పట్టుబడినవాడిలా.

"అవాండి. అచ్చు పెద్దది గదండీ. మేం బట్ట మీద అద్దేటప్పుడు అచ్చు పైన పెట్టి, దాని వీపు మీద పిడికిలితో గుద్దుతాం. మా పెడనలో అంతే. ఇంత పెద్దదానికి నాలుగు గుద్దులు పడాలి. గుద్దిన చోట రంగు ముదురుగా దిగుద్ది. బట్టైతే పీల్చుకుంటదండి. కాగితం పీల్చుకోలేదు. ఎంత చూసినా పోలేదు."

మల్లేశం శ్రీహర్ష వైపు తిరిగాడు.

"మాస్టర్ వాన మేఘం," అన్నాడు మల్లేశం. "ఈయన గుద్దులు."

నౌమాన్ ఒక్కసారి నవ్వాడు. వెంటనే ఆపుకున్నాడు. శ్రీహర్ష ముఖంలో రక్తం లేదు.

"సార్ పుస్తకంల చాప్టర్ రాసిండు దాని మీద," అన్నాడు మల్లేశం. "ఇగ పన్నెండోది చూడు పీరయ్యా."

పీరయ్య పడవ బొమ్మ ముందు ఆగాడు. తల కొంచెం వంచాడు. ఇంకా దగ్గరికెళ్ళాడు.

"అచ్చు నాదేనండి. అద్దింది నేను కాదు."

"ఎట్ల చెప్తవ్?"

"గుద్దు లేదండి. ఆకాశం అంతా ఒకే తీరుగా ఉంది. ఎవరో వెనకనుంచి రుద్దారు. మేం రుద్దం."

మల్లేశం కేటలాగు తెరిచి ఫ్రేము పక్కన పట్టుకున్నాడు.

"కెప్టెన్ సార్, ఇటు రాన్రి. పుస్తకంల పడవ. ఆకాశంల నాలుగు నీడలు ఉన్నయి. గోడ మీద పడవ. నీడలు లేవు. ఇంకోటి. ఎడమ మూలకు పడవ కట్టిన తాడుంది. పుస్తకంల తాడు గుంజ దాక ఉంది. గోడ మీద చూడున్రి."

ముసాయిద్ చూశాడు. తాడు గుంజకు చేరకముందే తెగింది. గోరంత ఖాళీ.

"అచ్చుల కుడి మూల ఉన్నది కాగితం మీద ఎడమకొస్తది. ఆ మూల పెచ్చు లేచింది. అందుకే తాడు తెగింది." జేబులోంచి చిన్న ప్లాస్టిక్ సంచి తీశాడు. లోపల టేకు ముక్క. "పెచ్చు ఇది. రెండు గీతలు. తాడుకు రెండు పురులు. ఇది ఇనాయతుల్లా పుర్రెల దొరికింది."

సంచిని గాజు మీద, ఆ ఖాళీ పక్కన ఆనించి పట్టాడు. అంతే పొడవు.

"అచ్చు పెచ్చు లేచింది గురువారం మధ్యాహ్నం. ఈ కాగితం అచ్చేసింది దాని తర్వాత. నెల క్రితం ఫొటో తీసిన కాగితం ఇదేనని నిన్న సార్ నాకు చెప్పిండు. ప్రపంచంల ఇంకోటి లేదని చెప్పిండు. ఎట్ల సార్?"

శ్రీహర్ష టై సర్దుకున్నాడు.

"నేను చెప్పాల్నా? పాత కాగితం మీద రక్తం పడ్డది. అది గోడకు పెట్టరాదు. పెట్టకుంటే పన్నెండోది ఏదని అడుగుతరు. అది దుకాణంల ఉండెనని తెలుస్తది. అందుకని అచ్చు ఇంటికి తీసుకపోయిన్రు. ఇంకో కాగితం తీసిన్రు. జపానోళ్ళ పద్ధతిల, బిళ్ళతోని రుద్ది. పన్నెండిట్ల ఒక్కటే సరైన పద్ధతిల ఉంది. అదే మిమ్మల్ని పట్టిచ్చింది. నీడలు లేవని మీకు కనపడలేదా?"

"కనపడింది," అన్నాడు శ్రీహర్ష. గొంతు మామూలుగానే ఉంది. "ఎలా వస్తాయో నాకు తెలీలేదు. పదిసార్లు ట్రై చేశాను. ఎవడు చూస్తాడు? అందరూ లేబుల్ చూస్తారు. బొమ్మ ఎవడూ చూడడు."

"ఎందుకు చంపిన్రు?"

"ఫ్రేం తొందరగా కావాలని వెళ్ళాను. రెండింటికి. వెనక తలుపు వాడే తీశాడు. అరలో ఇవి కనిపించాయి. పిడులున్న దుంగలు. జపాన్‌లో అచ్చుకి పిడి ఉండదు. చూడగానే తెలిసిపోయింది. మూడేళ్ళు. నా మూడేళ్ళూ ఆ అరలో ఉన్నాయి." ఆగాడు. "వాడు నవ్వాడు. 'హిరోషిగే అని నేనెప్పుడన్నాను సార్, ఆ పేరు రాసింది మీరే గదా' అని నవ్వాడు. చేతికందింది తీసుకున్నాను."

"పడ్డంక గూడ నాలుగు కొట్టిన్రు."

"నవ్వు ఆగలేదు."

"ఆగింది," అన్నాడు మల్లేశం. "మొదటి దెబ్బకే ఆగింది. డాక్టరు రాసిండు."

అరబ్బీలో ముసాయిద్‌కు రెండు ముక్కల్లో చెప్పాడు. ముసాయిద్ సంకెళ్ళు తీశాడు.

శ్రీహర్ష అతని వైపు చూడలేదు. పీరయ్యను చూస్తున్నాడు. గోళ్ళలో నీలం ఉన్న ఆ ఎడమచేతిని చూస్తున్నాడు.

"గుద్దులా," అన్నాడు. "నీ గుద్దులా?"

మోచేత్తో ఫ్రేము పగలగొట్టాడు. జానెడు గాజుముక్క చేతిలోకొచ్చింది. పీరయ్య మెడమీదికి దూకాడు.

మల్లేశానికి రెండడుగుల దూరం. అందలేదు.

నౌమాన్ మధ్యలోకొచ్చాడు. గాజు అతని చెంప మీద దిగి దవడ దాకా చీల్చింది. పళ్ళు కనిపించాయి. నౌమాన్ అరవలేదు. రెండు చేతులతో శ్రీహర్ష మణికట్టు పట్టుకున్నాడు. మల్లేశం వచ్చి ఆ మోచెయ్యి వెనక్కి విరిచాడు. ఎముక చప్పుడు హాలంతా వినిపించింది.

పడవ బొమ్మ నేలమీద పడింది. దానిమీద రక్తం కారింది. ఈసారి ఎవరూ తీయలేదు.

6:40కి జుబైల్‌లో శ్రీహర్ష ఇల్లు సోదా చేశారు. పడకగది అల్మారాలో, తెల్ల నూలుగుడ్డలో చుట్టి, పన్నెండో అచ్చు. కాల్చెయ్యొచ్చు. సముద్రంలో వెయ్యొచ్చు. వెయ్యలేదు. పోగుచేసేవాడు దేన్నీ పారెయ్యలేడు. కడిగాడు గానీ, చెక్కిన వాన గీతల సందుల్లో రక్తం మిగిలే ఉంది. కుడిమూల పెచ్చు దగ్గర టేకు ముక్క పెట్టి చూశారు. అతుకు కనపడకుండా కూచుంది.

*

శ్రీహర్ష తల కాపాడే మాఫీ ఇచ్చే హక్కు చచ్చినవాడి వారసులది. ఇనాయతుల్లా భార్య మేరాజ్ బేగం కడప నుంచి ఫోనులో ఒకే మాట చెప్పింది. లేదు.

ఐదు వారాలకు పీరయ్యకు ఎగ్జిట్ వచ్చింది. దమ్మామ్ ఎయిర్‌పోర్టు. ఉదయం 8:20. కెప్టెన్ పాసు ఇప్పించాడు. మల్లేశం లోపలిదాకా తోడెళ్ళాడు.

తలుపు దగ్గర నౌమాన్ ఉన్నాడు. చెంప మీద కుట్ల మచ్చ. నోరు ఒక పక్కకు లాగింది. పీరయ్య వేళ్ళ కేసు అతని మీద ఇంకా నడుస్తోంది. రాజీ కాగితం మీద పీరయ్య సంతకం చెయ్యలేదు.

"చాచా," అన్నాడు. మాట సరిగా రావడం లేదు. "తప్పయిపాయ చాచా. మాఫ్ చెయ్."

పీరయ్య ఆగాడు.

"అడ్డం పడ్డావు. చూశాను. అది నేను మర్చిపోను." కుడిచెయ్యి ఎత్తి చూపించాడు. పిండికట్టు తీసేశారు. నాలుగు వేళ్ళూ నాలుగు దిక్కులకు తిరిగి బిగుసుకున్నాయి. "ఇదీ మర్చిపోను."

ముందుకు నడిచాడు. నౌమాన్ అక్కడే నిలబడ్డాడు.

కొంతదూరం పోయాక మల్లేశం అన్నాడు. "మంచిగ జేసినవ్."

"ఏమోనండి."

ఇమిగ్రేషన్ కౌంటర్ దగ్గర వేలిముద్రలు అడిగారు. కుడిచెయ్యి యంత్రం ఒప్పుకోలేదు. ఎడమచెయ్యి పెట్టమన్నాడు ఆఫీసరు. పీరయ్య ఎడమచేతి నాలుగు వేళ్ళూ గాజు మీద ఆనించాడు. ముద్ర పడలేదు. గట్టిగా, అని సైగ చేశాడు ఆఫీసరు.

పీరయ్య అలవాటుగా కుడిచెయ్యి పైకెత్తాడు. గుద్దడానికి.

పిడికిలి ముడుచుకోలేదు.

చెయ్యి గాలిలో అలాగే ఉండిపోయింది. వెనక క్యూలో ఎవరో విసుక్కున్నారు.

మల్లేశం పక్కనుంచి వంగాడు. పీరయ్య ఎడమచేతి మీద తన అరచెయ్యి పెట్టి అదిమాడు.

పచ్చదీపం వెలిగింది.